మావ కాదు, మాస్టారు

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుంటాను. పోయిన వారం పరుగుల కోచ్ దుర్గారావు మీకు నచ్చితే ఆ తప్పు మీది కాదు. నచ్చేలా రాసింది నేనే, కావాలనే రాశాను. జ్వరంతో కాలిపోతున్న దేవి చంటోడిని అతని భుజాన వేసి ఆసుపత్రికి పరిగెత్తించాను. దేవి తల్లి పోతమ్మ నెత్తి మీది చేపల గంప అతని చేత దింపించాను. దేవి మొగుడు సింహాద్రి బోటెక్కి వేటకెళ్ళిన రోజుల్లో ఆ ఇంటికి గ్యాసు బండ మోయించాను. "మా వీధికీ అలాంటి తమ్ముడు ఒకడుంటే బాగుణ్ణు" అని మీలో ఒకావిడ రాశారు. అది చదివితే నాకు వెన్నులో చలి పుట్టింది. దేవి ఇంటికి కూడా అతను అచ్చం అలాగే వచ్చాడు మరి. అందరికీ నచ్చి.

సరే, కథలోకి. జాలారిపేటలో ఆదివారం మధ్యాహ్నం. శ్రీసత్య సంచీ మీద కూర్చుంది. లేవనంటోంది.

"లెగు."

"లెగను."

"ఒలే సత్తీ, మర్యాదగా సెప్తన్నాను. అన్నయ్య వచ్చే టైమైపోనాది. దాని బట్టలన్నీ నీ కింద నలిగిపోతన్నాయి."

"నలగనీ. అది ఎక్కడికీ ఎల్లదు."

దేవి నడుం మీద చేతులు వేసుకుని చెల్లెల్ని చూసింది. ఆ చూపుకి సింహాద్రి లాంటి మనిషే వల వదిలేసి పక్కకి జరుగుతాడు. శ్రీసత్య జరగలేదు. సాయంత్రం బండికి దుర్గారావు దేవి కూతురు మోక్షితని విజయవాడ తీసుకెళ్ళాలి. పరుగుపందెం సెలక్షన్లు. తొమ్మిదేళ్ళ పిల్ల, కోచ్. ఇద్దరే. రాత్రి అక్కడే ఉండి, రేపు పరిగెత్తి, ఎల్లుండి రావాలి.

"ఆడు ఏటి సేసాడు? సెప్పు," అంది దేవి. "ఒక్కటంటే ఒక్కటి సెప్పు. ఇప్పుడే మానిపించీత్తాను."

ఇక్కడే శ్రీసత్య దగ్గర చూపించడానికేమీ ఉండదు. రుషికొండ కంపెనీలో ఆమె టెస్టర్. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఉద్యోగం. "ఏ ఎర్రరూ రాలేదు కదా" అని రాసినవాళ్ళు గింజుకుంటే, "ఇంకా రాలేదు" అని నింపాదిగా అని తిట్లు తింటుంది. అక్కడ తిడితే జీతమైనా వస్తుంది. ఇక్కడ అదీ లేదు.

"మోక్షికి ఫోనిచ్చాడు. మనకి సెప్పకుండా."

"సర్‌ప్రైజ్ అన్నాడు కదా! పరుగెంతసేపో సూసుకోడానికి."

"మిగతా పిల్లలు గ్రౌండుకి రాకముందే దీన్నొక్కదాన్నే రమ్మంటాడు."

"స్పెషల్ కోచింగే, తెలివితక్కువదానా! మిగతా గుంటలు ఇది పరిగెత్తినట్టు పరిగెడతాయేటి?"

"ఒకరోజు నానూ వచ్చి సూత్తానన్నాను. 'మీ పిన్నికి నువ్వంటే కుళ్ళు, అందుకే ఎనకాల పడతాది' అని దీనితో అన్నాడంట."



"అది అబద్ధమేటి?" అంది దేవి.

తగిలింది. శ్రీసత్య కాసేపు గోడ మీది క్యాలెండర్లో నూకాలమ్మ తల్లిని చూస్తూ కూర్చుంది. అమ్మవారు ఎవరి పక్షమూ వహించలేదు.

"దానికి గిలిగింతలు పెడతాడక్కా," అంది చివరికి, గొంతు తగ్గించి. "అది ఒద్దూ ఒద్దూ అని ఏడుపు మొహం పెట్టినా ఆపడు. మన ముందే. నువ్వూ ఉన్నావు ఆవేళ."

దేవి పకపకా నవ్వింది. "ఓలమ్మో! దానికేనా ఇంత గోల? మావ కాదేటి? మేనమావ పెట్టకపోతే దారిన పోయినోడు పెడతాడా? నిన్ను అమ్మ తమ్ముడు సముద్రంలో ఇసిరేత్తానని గాల్లో ఎగరేసినప్పుడు కిందకి దిగితే ఒట్టు."

మన దగ్గర మావ అన్న మాటకి లైసెన్సు పెద్దది. బుగ్గ గిల్లొచ్చు, జడ లాగొచ్చు, "పెద్దయ్యాక నన్నే మనువాడాలి" అని అందరి ముందూ ఆట పట్టించొచ్చు. పిల్ల ఉడుక్కుంటే ఇంకా నవ్వుతాం. మావే కదా.

దేవికీ శ్రీసత్యకీ అన్నదమ్ముల్లేరు. ఆ ఇంట్లో మేనమామ పీట ఎప్పుడూ ఖాళీయే. మోక్షిత చెవులు కుట్టించే మొక్కు కూడా అందుకే ఏళ్ళకేళ్ళు వాయిదా పడుతూ వచ్చింది. పోయినేడు సింహాచలం కొండ మీద దుర్గారావు, "నేను లేనా చెల్లీ?" అంటూ ఎవరూ అడక్కుండానే పీట మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాడు. చెవుల్లోకి సూది దిగుతుంటే పిల్ల ఏడ్చింది. దేవీ ఏడ్చింది. దేవి ఏడ్చింది మాత్రం సంతోషంతో. ఆ రోజునుంచి కోచ్ కాస్తా మావయ్యాడు.

వీధిలో గంప దింపిన చప్పుడు. పోతమ్మ బజారు నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, సంచీ మీద కూర్చున్న చిన్న కూతుర్నీ, దాని ఎదుట గుర్రుమంటున్న పెద్ద కూతుర్నీ చూసింది.

"ఏటే? గుడ్డు మీద కోడి పెట్టలాగ కూకున్నావు?"

"నీ కొడుకు మీద అనుమానమంట దీనికి," అంది దేవి.

"ఎవలు, దుర్గారావా?" పోతమ్మ కుండలోంచి నీళ్ళు ముంచుకుంది. "బంగారంలాంటి మనిషి. నువ్వు ఆ ఏసీలో కూకుని కూకుని బుర్ర గడ్డ కట్టించుకున్నావు. లెగు, పిల్లకి జడెయ్యాలి. ఒలే మోక్షీ! ఇటు రా, మీ మావ వచ్చేత్తాడు."

గుమ్మంలో మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు ముడేస్తున్న మోక్షిత తలెత్తకుండా అంది.

"మాస్టారు."

"ఏటే?"

"మావ కాదు. మాస్టారు."

"అయ్యో, ఆయన వింటే బాధపడతాడే. సెవులు కుట్టించిన మావ!"

పిల్ల లేసు విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.

శ్రీసత్యకి ఇది కొత్త కాదు. కొన్నాళ్ళుగా వింటోంది. ఫోన్లో కూడా "మాస్టారూ" అంటోంటే పెద్దదవుతోంది, సిగ్గు కాబోలు అనుకుంది. ఇప్పుడెందుకో ఆ మాట చెవిలో నిలిచింది. సంచీ మీంచి లేచింది. దేవి టక్కున సంచీ లాక్కుంది. శ్రీసత్య పట్టించుకోలేదు, వెళ్ళి మెట్టు మీద పిల్ల పక్కన కూర్చుని రెండో బూటు తన ఒళ్ళో పెట్టుకుంది.

"మాస్టారని బాగుందే మోక్షీ. ఎందుకు మార్చావ్?"

మోక్షిత కాసేపు పిన్ని మొహం చూసింది. నవ్వుతుందేమోనని చూసింది. పిన్ని నవ్వలేదు.

"మావయితే గిలిగింతలు పెట్టొచ్చు కదా," అంది, లెక్క చెబుతున్నంత మామూలుగా. "ఒద్దన్నా ఆపక్కర్లేదు. మావ కదా అంటారు మీరందరూ. మాస్టారయితే పెట్టకూడదు. బళ్ళో టీచర్ సెప్పారు, మాస్టార్లు ముట్టుకోకూడదని. అందుకే మార్చీసాను."

వీధి చివర సముద్రం ఒక అల వేసి, వెనక్కి లాక్కుని, ఇంకోటి వేసింది.

శ్రీసత్య చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు. ఒకరు డిగ్రీ చదివారు, ఒకరు ఇల్లు నడుపుతున్నారు, ఒకరు బజారంతా నడిపిస్తారు. ఆ ముగ్గురూ కలిసి తలుపు బార్లా తెరిచి పెడితే, ఈ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక, ఎవరినీ నొప్పించకుండా, ఒక్క మాట మార్చి తన చుట్టూ తనే కంచె వేసుకుంది. అతని ఎదురుగానే, రోజూ, 'రూ' అని మర్యాద కూడా తగిలించి. ఇంత తెలివి, ఇంత ధైర్యం ఆ పుల్లలాంటి ఒంట్లో ఎక్కడ దాక్కున్నాయో! కొండ కింద నిలబడి పైకి చూసినట్టు చూసింది పిల్లని.

"ఆపేసాడా మరి?" అని మాత్రం అడిగింది.

మోక్షిత తల అడ్డంగా ఊపింది.

సంచీ కింద పడ్డ చప్పుడు. దేవి ఒక్క అంగలో వచ్చి కూతురి భుజాలు పట్టుకుంది. "ఏటి సేసాడే? ఎక్కడ? ఎప్పుడు? నాకెందుకు సెప్పలేదే? సెప్పవే!"

"అక్కా, ఒద్దు. అలగ ఊపకు." శ్రీసత్య అక్క చేతులు ఒక్కొక్కటే విడిపించింది. "కేకలేత్తే తప్పు తనదే అనుకుంటాది. సెప్పినంత సెప్పింది. మనం నమ్మామని తెలిత్తే మిగతాది అదే సెప్తాది, దానికి సెప్పాలనిపించినప్పుడు. ముందు నమ్మానని సెప్పు."

దేవి మోకాళ్ళ మీద కూలబడి పిల్ల కాళ్ళు పట్టుకుంది. కాళ్ళే దొరికాయి మరి.

పొయ్యి మీద పులుసు ఇగిరి అంచుకు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"గిలిగింతలే కదమ్మా..." దేవి గొంతు తనకే వినపడనట్టుంది. అడుగుతోందో బతిమాలుతోందో తెలీదు. "మనమే ఎక్కువ ఊయించుకుంటన్నామేమో. సంటోడికి బాగునేనప్పుడు ఆ మనిషే కదా... రుజువేటుంది?"

పోతమ్మ నీళ్ళ చెంబు పక్కన పెట్టింది.

"రుజువు పోలీసోల్లకి కావాల. తలుపెయ్యడానికి నాకెందుకు?" అంది. "నాను మొప్ప ఎత్తి కుళ్ళిందో లేదో సూడకుండా సేప కొన్నానా ఎప్పుడైనా? ఎంత తెలిసినోడి బోటైనా ఎత్తి సూత్తాను. ఈడు మాత్రం అమ్మా అన్నాడు, గంప దింపినాడు, మురిసిపోయి అలాగే ఇంట్లోకి తెచ్చీసినాను. ఇప్పుడు ఎత్తుతాను. నువ్వు నోరెత్తకు."

బైకు హారన్ మోగింది. రెండు సార్లు చిన్నగా, ఒకసారి పొడుగ్గా. మోక్షిత అమ్మమ్మ చీర వెనక్కి వెళ్ళింది.

దుర్గారావు తెల్ల టీషర్టు, మెడలో విజిల్, చేతిలో కొత్త బూట్ల డబ్బా. వాకిట్లోకి రాగానే ఇల్లు ఎప్పట్లాగే కాస్త వెలిగింది. అదే విడ్డూరం. ఇంత జరిగాక కూడా శ్రీసత్య పెదవులు తమంతట తాము నవ్వబోయాయి.

"ఏం చెల్లీ, ఛాంపియన్ రెడీయేనా? అమ్మా, పులుసు మాడుతున్నట్టుంది."

"మాడనీ నాయినా. పిల్ల రెడీ. నానూ రెడీ."

"మీరెక్కడికమ్మా?"

"ఇజయవాడ. కనకదుర్గమ్మని సూసి ఎన్నాల్లయిందో. దానికి తోడుంటాను, నీకు వండిపెడతాను."

అతను హాయిగా నవ్వాడు. "అమ్మా, మీరొస్తే చేపలు ఎవరమ్ముతారు? ఊరు పస్తుంటుంది."

"పస్తుండనీ."

"మోకాళ్ళ నొప్పులు కదా మీకు. ఆ మెట్లూ అవీ ఎక్కలేరు. పాపం."

"నొప్పులు నావి కదా. నానే పడతాను."

"టిక్కెట్టు లేదమ్మా."

"జనరల్లో నిలబడతాను."

"పెద్దవాళ్ళని గ్రౌండులోకి రానివ్వరు. రూలు."

"గేటు బయట కూకుంటాను."

శ్రీసత్య చూస్తోంది. ఒక్కో జవాబుకీ ఆ మొహం మారుతోంది. నవ్వు, జాలి, రూలు. ఒకటి ఊడితే దాని కింద ఇంకోటి తయారు. పోర్టులో కొండంత ఓడల్ని చిన్న టగ్గు బోట్లు పక్కన చేరి సుతారంగా నెట్టుకుంటూ రేవులోకి తెచ్చేస్తాయి. తననెవరో నెడుతున్నారని ఆ ఓడకి తెలుస్తుందా? ఇన్నాళ్ళూ ఈ ఇల్లు అలాగే జరిగింది, ఇంచీ ఇంచీ. ఎంత ఓపిక పట్టాడు!

"అంటే నామీద నమ్మకం లేదన్నమాట," అన్నాడు దుర్గారావు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "చెవులు కుట్టించిన మేనమామని. సొంత బిడ్డలా చూసుకున్నాను."

పోతమ్మ చలించలేదు. "సొంత బిడ్డయితే అమ్మమ్మ వత్తానంటే సంతోషించాల కదా బాబూ."

అతను ఆవిణ్ణి వదిలేశాడు. కొంచెం వంగి, చీర కుచ్చిళ్ళ వెనకున్న పిల్లతో మెత్తగా అన్నాడు.

"మోక్షీ, రా. మన మాట మర్చిపోయావా?"

చీర వెనక నుంచి సన్నగా వచ్చింది జవాబు.

"నాను రాను మాస్టారూ."

"మావా అనవే."

"మాస్టారు."

దేవి లేచి నిలబడింది. మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకోలేదు.

"మన మాటంటే ఏటన్నయ్యా?"

"అంటే... రన్నింగ్ గురించి చెల్లీ. టెక్నిక్."

"అయితే సెప్పు. నానూ ఇంటాను."

అతను నవ్వాడు. దేవి నవ్వలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"తల్లి ముందు సెప్పలేని మాట, తొమ్మిదేళ్ళ గుంటతో నీకేటున్నాది?" దేవి గొంతు పెంచలేదు. అరిచినా అంత భయం వేసేది కాదు శ్రీసత్యకి. "ఆ బూట్లు పట్టుకుని ఎల్లిపో. ఆ ఫోనూ పట్టుకెల్లు."

"ఫోను ఇవ్వను," అంది శ్రీసత్య. "అది నా దగ్గరుంటాది."

మొదటిసారి అతను శ్రీసత్య వైపు తిన్నగా చూశాడు. అప్పుడా మొహంలో నవ్వూ లేదు, జాలీ లేదు, ఏమీ లేదు.

"మీ ఇష్టం," అన్నాడు. "పిల్ల భవిష్యత్తు మీరే పాడుచేశారు." గుమ్మం దాటుతుండగానే మళ్ళీ వెలిగాడు. పక్కింటి ముసలాయన్ని "తాతా, దగ్గు తగ్గిందా?" అని పలకరించాడు. బైకు మలుపు తిరిగింది.

మోక్షిత బయటికొచ్చింది. అందరి మొహాలూ చూసింది.

"నా సెలక్షన్లు మరి?"

దేవికి అప్పుడొచ్చింది ఏడుపు. పిల్లని గట్టిగా దగ్గరికి లాక్కోబోయి, చేతులు చాచి ఆగిపోయింది. "ఎత్తుకోనా?" అని అడిగింది. కన్నకూతుర్ని అలా అడగడం ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. మోక్షిత ఆలోచించి తలూపింది.

శ్రీసత్య గోడకి చేరబడి ఫోన్లో 1098 నొక్కింది. పిల్లల హెల్ప్‌లైన్. ఎత్తిన గొంతు తొందర పడలేదు, తిట్టలేదు, రుజువడగలేదు. పేరు చెప్పమంది. ఏ ఏరియా అంది. "మీరు ఫోన్ చెయ్యడం మంచిదయిందమ్మా" అంది. ఆ ఒక్క మాటకి శ్రీసత్య అక్కడే కింద కూర్చుండిపోయింది.

అప్పుడే వచ్చింది వెనక వీధి తవిటమ్మ, చేతిలో పంచదార గిన్నె.

"పోతమ్మొదినా! నోరు తీపి సేసుకో!" వాకిట్లోంచే కేక. "మీ మోక్షికి జొరమంట కదా పాపం, దుర్గారావు సెప్పినాడు. ఆ సీటు ఖాళీ పోకూడదని మా చిన్నదాన్ని తీసుకెల్తన్నాడు. ఎంత మంచోడో! ఇప్పుడే బైకెక్కించి పంపీసి వత్తన్నాను. టేసనుకి."

ముగ్గురూ తవిటమ్మ వైపు తిరిగారు.

"ఏటలా సూత్తన్నారు? మనకేటి కొత్తోడేటి? మా గుంటకీ మావే కదా."

పోతమ్మ కదిలింది. చెప్పులు వేసుకోలేదు. నొప్పుల మోకాళ్ళతో, కుచ్చిళ్ళు బొడ్లో దోపి, వీధిలోకి పడి పరుగు అందుకుంది. "ఆటో! ఒరే ఆటో!" అన్న కేక ఇంటింటి తలుపునీ తట్టుకుంటూ పోయింది. తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో తల్లి. ఆ ముసలి పరుగుని శ్రీసత్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఈ ఇంట్లో పరుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

చెవి దగ్గర ఫోను అడుగుతోంది, నెమ్మదిగా, రెండోసారి.

"అమ్మా, లైన్లో ఉన్నారా? పాప ఇప్పుడు క్షేమంగా మీ దగ్గరే ఉందా?"

ఏ పాప గురించి చెప్పాలో శ్రీసత్యకి తెలియలేదు.

*

ఇక మీ వంతు. రుజువు చేతికి రాకముందే మీరెప్పుడైనా తలుపు మూసేశారా? చుట్టాలు వెలేస్తారని తెలిసీ, మీదే అనుమానపు బుద్ధి అని తిట్లు తినీ? లేదా మూయాల్సిన తలుపు దగ్గర మొహమాటపడి నిలబడిపోయారా? ఆ రోజు మీ ఇంట్లో ఎవరు ఏమన్నారో రాయండి. పేరు రాయక్కర్లేదు, ఊరూ అక్కర్లేదు. కానీ ఒక పిల్లో పిల్లాడో ఈ నిమిషంలోనే ప్రమాదంలో ఉంటే మాత్రం నాకు రాస్తూ కూర్చోకండి. శ్రీసత్య నొక్కిన నంబరే నొక్కండి. నాకు తర్వాతైనా రాయొచ్చు.